దండుదిబ్బ మీద ఉద్వాసన

మొన్న ఆదివారం నేనెక్కిన బస్సు సామర్లకోట దాటుతుండగా కిటికీలోంచి పొగ వచ్చింది. రోడ్డు పక్కన ఎవరో సర్కారు తుమ్మ కంప కొట్టి, కుప్ప పోసి తగలబెడుతున్నారు. పచ్చికంప సగం కాలి సగం కాలక చిమ్మే ఆ ఘాటు వాసన చాలామందికి గిట్టదు. ముందు సీట్లో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తన కిటికీ మూసేసింది. నేను నా కిటికీ ఇంకాస్త తెరిచాను. పక్కనున్నావిడ నా వంక అదోలా చూసింది. ఆ వాసనకు నాకు మా శాస్త్రి గారు గుర్తొస్తారని, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటుతో, చేతిలో కత్తితో, చెమటకు జారిపోతున్న కళ్ళజోడును మోచేత్తో పైకి తోసుకుంటూ నా ఎదురుగా నిలబడతారని ఆవిడకు ఎలా చెప్పను? చెప్పినా ఆవిడకు శాస్త్రి గారు ఎవరో తెలియాలి కదా. అందుకే ఇది రాస్తున్నాను.

శాస్త్రి గారు మా పోస్ట్‌మాస్టరు. తొంభైల మొదట్లో నేను గుమాస్తాగా చేరిన చిన్న పోస్టాఫీసుకు ఆయనే పెద్ద. కోనసీమలో తరతరాలుగా పౌరోహిత్యం చేసిన ఇంట్లో పుట్టారు. తండ్రి దగ్గర మంత్రమంతా నేర్చుకుని, ఇక పొట్టపోసుకోవచ్చు అనుకునే వేళకు అదంతా వదిలేసి పోస్టాఫీసు పరీక్ష రాసిన మనిషి. మా ఇంట్లో అందరం లూథరన్లం. నాన్న మిషన్ బడిలో టీచరు. ఇంత ఆచారం ఉన్న ఇంటి మనిషి కింద పని ఎలా ఉంటుందోనని మొదటిరోజు అమ్మ బెంగపడింది. నేనూ బిగుసుకుని వెళ్ళి, నా పేరు కరుణ అని చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "కరుణా? మంచిదే. కానీ కౌంటర్లో కాస్త చూసి వాడమ్మాయ్. పొద్దున్నే అంతా పంచేస్తే మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి మిగలదు," అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. "నవ్వొచ్చు. దానికి స్టాంపు అక్కర్లేదు," అన్నారు. అంతటితో నా బిగువు సగం సడలింది.

మాటల విషయంలో మాత్రం ఆయనతో వేగడం కష్టం. ఎవరైనా ఒక మాటను అడ్డదిడ్డంగా వాడితే పళ్ళ కింద రాయి పడ్డట్టు మొహం పెట్టేవారు. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళని కూడా వదిలేవారు కాదు. ఒకసారి నేను ఎవరికో విసుగ్గా "మీ మనీయార్డరు రాలేదు, వెళ్ళండి" అన్నాను. ఆ పెద్దాయన వెళ్ళిపోయాక శాస్త్రి గారు నన్ను పిలిచారు. "రాలేదు వరకు ఆఫీసు మాట. వెళ్ళండి ఎవరి మాట? నీదేనా?" అని అడిగారు. "ఎవరికి చెబుతున్నామో చూసుకుని చెప్పాలమ్మాయ్. ఆయన దాని కోసం ఎండలో నడిచి వచ్చాడు," అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని ఇంటికి వెళ్ళేదాకా అనిపించింది.

పౌరోహిత్యం ఎందుకు వదిలేశారని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. టీ తాగుతూ ఉన్నారు. గ్లాసు కింద పెట్టి, "గొంతు ఉంది, కంఠతా వచ్చింది, నమ్మకం కుదరలేదు. ఎవరింట్లోనో శ్రాద్ధం పెట్టిస్తున్నాను, ఆ కొడుకు కళ్ళ నీళ్ళు పెట్టుకుని నేను చెప్పినట్టల్లా చేస్తున్నాడు. నాకేమో ఆకలి గుర్తొస్తోంది. ఆ రోజే తీర్మానించుకున్నా. నమ్మకుండా చెప్పే మంత్రం దొంగనోటుతో సమానం. మళ్ళీ నోట పలకలేదు," అన్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటిందట. ఆయన గురించి ఇదొక్కటి తెలిస్తే చాలు, ఇక మీదట చెప్పబోయేది ఆయనకు ఎంత కష్టమైన పనో అర్థమవుతుంది.

ఇక దండుదిబ్బ సంగతి. మా ఊరి నుంచి కొంత దూరం వెళితే డెల్టా పల్లం అయిపోయి నేల కాస్త మెరక ఎక్కుతుంది. అక్కడ ఒక పాలెం, పాలెం పక్కన చేల మధ్య ఒక పొడుగాటి దిబ్బ. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ సర్కారు జిల్లాల కోసం కొట్టుకున్న రోజుల్లో ఆ దిబ్బ చుట్టూ ఒక యుద్ధం జరిగింది. మిగిలింది పెద్దగా ఏమీ లేదు. పడిపోయిన ఒక ఇటుక గోడ, ఇద్దరు దొరల పేర్లున్న రెండు పలకరాళ్ళు, మిగతా అంతా తుమ్మ కంప. శాస్త్రి గారికి ఆ దిబ్బంటే ప్రాణం. ఆయన అధ్యక్షుడిగా, మా పోస్టాఫీసు ఎదుటి సైకిల్ షాపు సత్తిబాబు, ఒక రిటైరైన రైల్వే గార్డు, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, కొందరు విద్యార్థులు కలిసి దండుదిబ్బ పరిరక్షణ సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. వారానికోసారి వెళ్ళి కంప కొట్టడం, గోడ చుట్టూ శుభ్రం చేయడం, వచ్చినవాళ్ళకు చూపించడం, దీన్ని రక్షిత స్థలంగా ప్రకటించండి మహాప్రభో అని పై ఆఫీసులకు అర్జీలు పెట్టడం, ఇదీ పని. నా చేతిరాత బాగుంటుందని అర్జీల కోసం నన్ను కార్యదర్శిని చేశారు. మొదట్లో మొహమాటానికి ఒప్పుకున్నాను.

సంఘం పని ఆదివారం పొద్దున చల్లటివేళ జరిగేది. నేను చేరాక ఆయన దాన్ని మధ్యాహ్నానికి మార్చేశారు. ఎండలో ఏం పని అని గార్డు గారు గొణిగారు. "అమ్మాయికి చర్చి ఉందండి. దేవుడు ముందు పిలిచాడు, మనం తర్వాత పిలిచాం," అన్నారు శాస్త్రి గారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. మర్నాడు నాన్న పని కల్పించుకుని పోస్టాఫీసుకు వచ్చి, ఒక కవరు కొనుక్కుని, ఆయనకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

దిబ్బ మీద ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. కంప మొదలంటా నరకాలి గానీ వేరు పెకలించకూడదు, వేరుతో పాటు నేల కదులుతుంది. సీసపు గుండు గానీ, కుండపెంకు గానీ దొరికితే జేబులో వేసుకోకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నాలుగు పక్కలా చూసి నీరసపడి, "ఇక్కడ చూడ్డానికేం ఉందండి?" అనేవారు. "ఏమీ లేదండి. అందుకే జాగ్రత్తగా చూడాలి," అని ఆయన వాళ్ళను వెంటబెట్టుకుని తిప్పేవారు. ఎవరు గెలిచారని అడిగితే చెప్పేవారు, కానీ అక్కడ ఆగేవారు కాదు. "తుపాకులు పట్టుకుని ముందు నిలబడ్డవాళ్ళు రెండు వైపులా మన పిల్లలేనండి. వాళ్ళ వెనకాల ఎడ్లు తోలినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, బియ్యం దంచినవాళ్ళు. దొరలిద్దరికీ పలకలు వేశారు. వీళ్ళకి పలక సంగతి అటుంచి, ఇంటికి కబురు కూడా వెళ్ళి ఉండదు," అనేవారు. కబురు వెళ్ళకపోవడం అనేది పోస్ట్‌మాస్టరు గారు చెబుతుంటే వేరుగా ఉండేది. నేను మొహమాటానికి చేరినదాన్ని, ఆ మాటలు వింటూ వింటూ ఎప్పుడు మనసుపెట్టి పనిచేయడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

మా ప్రాంతంలో ఇల్లు కట్టాలంటే ముందు స్థలం మెరక చేసుకోవాలి. లేకపోతే వానాకాలం గుమ్మంలోకి నీళ్ళొస్తాయి. ఆ రోజుల్లో ఊళ్ళ చుట్టూ చేలన్నీ ఇళ్ళ స్థలాలుగా మారుతున్నాయి, మట్టికి గిరాకీ పెరిగింది. పాలెంలో వీర్రాజు గారని ఒక కాంట్రాక్టరు ఉండేవారు. చెడ్డమనిషి అని చెప్పలేను. పెళ్ళిళ్ళకూ చావులకూ ముందుండేవారు, అడిగినవాళ్ళకు లేదనేవారు కాదు. ఆయన కంటికి మాత్రం దండుదిబ్బ అంటే ఊరికే పడివున్న మట్టి. తూర్పు వైపు నుంచి ఆయన ట్రాక్టర్లు దిబ్బను తినడం మొదలుపెట్టాయి. మా అర్జీలకు పరిశీలనలో ఉందని జవాబు వచ్చేది, ట్రాక్టరుకు ఆ జవాబు చదవడం రాదు కదా. ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి తవ్విన గట్టులోంచి ఒక ఎముక బయటికి కనిపిస్తోంది. మనిషి చేతి ఎముక అని చూడగానే తెలుస్తోంది. శాస్త్రి గారు దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. తర్వాత దాని మీద దోసిళ్ళతో మట్టి కప్పి, చేతులు కడుక్కోకుండానే ఇంటికి బయల్దేరారు. ఆ వారమంతా ఆయన ఆఫీసులో ఒక్క వేళాకోళం ఆడలేదు. ఏడాది తిరిగేలోపు దిబ్బ ఉండదని మా అందరికీ అర్థమైపోయింది.

ఆ తర్వాతి వారమే వింత జరిగింది. తవ్వుతున్న చోటుకు కాస్త పైన, పొద్దున్నే ట్రాక్టరు వెళ్ళేసరికి ఒక రాయి వెలిసింది. నిండా పసుపు, నడుమ పెద్ద కుంకుమబొట్టు, చుట్టూ వేపరెమ్మలు. డ్రైవరు చెప్పులు విప్పి దండం పెట్టుకుని, బండి వెనక్కి తిప్పేశాడట. కూలీలు పార ముట్టలేదు. మధ్యాహ్నానికల్లా పాలెంలో ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి రాయికి పోశారు. ఇన్ని అర్జీలు చేయలేని పని ఒక్క రాయి చేసింది. మా సంఘంలో సంబరం చెప్పనలవి కాదు. గార్డు గారు అందరినీ హోటల్‌కి తీసుకెళ్ళి పెసరట్టూ ఉప్మా పెట్టించారు. శాస్త్రి గారు మాత్రం పెసరట్టు తుంచుతూ కూర్చున్నారు, తినలేదు.

ఆ ఆదివారం అందరం దిబ్బకు వెళ్ళాం. ఆయన రాయి ముందు బాగా వంగారు. ఈయనకు భక్తి ఎప్పుడు పుట్టిందబ్బా అనుకున్నాను. ఆయన లేచి, కళ్ళజోడు సర్దుకుని, చుట్టూ పాలెంవాళ్ళెవరూ లేరని చూసుకుని, "ఏమయ్యా సత్తిబాబూ, అమ్మవారి దగ్గర సైకిల్ గ్రీజు వాసన వస్తోందేంటి?" అన్నారు.

సత్తిబాబు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నాకు అప్పుడు వెలిగింది. అతని షాపు ముందు, వంగిన రిమ్ములు పెట్టి సుత్తితో సరిచేసే నల్లరాయి ఒకటి ఉండేది. వారం నుంచి అది అక్కడ లేదు.

"ఆయ్, నేనేం అబద్ధం ఆడలేదండి బాబూ," అన్నాడు సత్తిబాబు ఏడుపుగొంతుతో. "రాయి తెచ్చి పెట్టేనండి. పసుపు రాసేను, బొట్టెట్టేను. అమ్మోరని నోటితో ఒక్క ముక్క అన్లేదండి. ఆళ్ళంతట ఆళ్ళే అనుకున్నారు."

మాకు నవ్వు ఆగలేదు. లెక్చరర్లయితే అతని భుజం తట్టారు. శాస్త్రి గారూ నవ్వారు, కానీ వెంటనే ఆపేశారు. "నీ మనసు మంచిదేనయ్యా. కానీ దిబ్బని అబద్ధం మీద నిలబెట్టావు. అది మోయగలదో లేదో చూద్దాం," అన్నారు. మాలో ఎవరికీ ఆ మాట ఎక్కలేదు. తవ్వకం ఆగింది, అది చాలదా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

రాయి ఊరుకోలేదు. నెల తిరక్కుండానే దానికి దండుమారమ్మ అని పేరొచ్చింది. తాటాకు పందిరి వచ్చింది, మైకు వచ్చింది, ఎవరికో కలలో కనిపించి గుడి కావాలని కూడా చెప్పింది. గుడి కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? వీర్రాజు గారే. ట్రాక్టర్లు ఆపించి చెంపలు వేసుకున్న మనిషి, ఇప్పుడు అమ్మవారి సేవకు ముందుకొచ్చారు. దిబ్బ పైభాగం చదును చేసి, నలువైపులా పునాదులు తీసి, సిమెంటుతో గుడి, చుట్టూ ప్రాకారం, మెట్లు. ఆయన మనస్ఫూర్తిగానే చేస్తున్నారు, అదే చిక్కు. మట్టికోసం అయితే తూర్పు పక్కే పోయేది, గుడికోసం దిబ్బ మొత్తం పోతుంది. సత్తిబాబు షాపులో కూర్చుని పిచ్చివాడిలా ఆకాశం వంక చూసేవాడు.

కాదని చెబుదామంటే ఎవరు చెప్పాలి? నిజం చెబితే సత్తిబాబును చావగొడతారు. సంఘం తరఫున గుడి వద్దని అర్జీ పెడితే కింద కార్యదర్శి సంతకం నాది. ఒకరోజు కౌంటర్ దగ్గర ఒక కుర్రాడు స్టాంపులు తీసుకుంటూ, "మీ దిబ్బ సంఘం కార్యదర్శి గారిది ఏ మతం అండీ?" అని నన్నే అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేను స్టాంపులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను. లోపలి గదిలోంచి శాస్త్రి గారు విన్నట్టున్నారు. సాయంత్రం తాళం వేస్తూ, "ఈ వ్యవహారంలో నువ్వు ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టొద్దు. ఆ రాయి దగ్గరికి కూడా వెళ్ళొద్దు. ఇది నేను చూసుకుంటాను," అన్నారు. "ఎలా చూసుకుంటారు సార్?" అన్నాను. "తెలియదమ్మాయ్," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. చాలా దిగులేసింది.

శంకుస్థాపన రోజు పాలెం పాలెమంతా దిబ్బ మీదే ఉంది. నేను రోడ్డు దగ్గరే, అందరికీ వెనకాల నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టే సమయానికి శాస్త్రి గారు ముందుకు వెళ్ళి, రెండు చేతులూ జోడించి, మైకు కూడా లేకుండా మొదలుపెట్టారు.

"అమ్మా, అయ్యా, ఒక్కమాట. ఈ రాయి తనంతట తాను వెలిసింది కాదండి. దిబ్బని తవ్వకుండా ఉంటారని మా సంఘమే పెట్టింది. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. కాబట్టి నేనే పెట్టాననుకోండి. మిమ్మల్ని మోసం చేశాం. క్షమించండి."

ఆ వెంటనే గోల. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. అప్పుడు సత్తిబాబు జనంలోంచి తోసుకుంటూ వచ్చి, "ఆయన కాదండి, నేనండి! నా షాపు రాయండి అది! కొడితే నన్ను కొట్టండి!" అని మధ్యలో పడ్డాడు. ఇద్దరూ నేనంటే నేనని పోట్లాడుకుంటుంటే, కొట్టాలనుకున్నవాళ్ళకే ఎవరిని కొట్టాలో తెలియలేదు.

వీర్రాజు గారు చేయెత్తి అందరినీ ఆపారు. "పంతులు గారూ, రాయి ఎవరు పెడితే ఏంటండి? ఇన్నాళ్ళు మా ఆడోళ్ళు మొక్కేరు. అమ్మోరు వచ్చేసింది. ఇప్పుడు పొమ్మంటారా?" అన్నారు.

అప్పుడు పోలమ్మ అనే పెద్దావిడ, మొదటిరోజు నుంచీ రాయికి నీళ్ళు పోస్తున్న మనిషి, "అయితే తవ్వకూడదని ఎందుకనుకున్నారండి మీరు? ఈ దిబ్బలో ఏవుంది?" అని అడిగింది.

ఆయన చెప్పారు. ఎప్పుడూ వచ్చినవాళ్ళకు చెప్పేదే. కానీ యుద్ధం సంగతి చెప్పలేదు, కంపెనీల పేర్లెత్తలేదు. ఇళ్ళు వదిలి వచ్చి ఇక్కడే పోయిన పిల్లల గురించి, ఎడ్లు తోలినవాళ్ళ గురించి, తవ్వకంలో బయటపడ్డ ఆ చేతి ఎముక గురించి చెప్పారు. ఇన్నేళ్ళుగా మేం పాలెం చుట్టూ తిరుగుతూ చదువుకున్నవాళ్ళకూ పై ఆఫీసులకూ చెప్పిన మాట, ఆ పాలెంవాళ్ళకే ఎప్పుడూ చెప్పలేదని నాకు అక్కడ నిలబడే తట్టింది.

"ఆళ్ళకి కర్మ ఎవరు చేసేరండి?" అంది పోలమ్మ.

"ఎవరూ చెయ్యలేదమ్మా."

"మరి కర్మలు లేనోళ్ళ మీద గుడి కడితే అమ్మోరు ఉంటదా? ఆ తల్లి మాత్రం ఎలా నిద్రపోద్ది ఇక్కడ?" అని ఆవిడ వీర్రాజు గారి వంక తిరిగింది. "ఏరా ఈర్రాజూ, వల్లకాట్లో గుడి కట్టేవోళ్ళని చూసేవా ఎక్కడన్నా? అమ్మోరిని కాలవ గట్టు మీదకి తోలుకెళదాం. పంతులు గారూ, మీరే పెట్టేరు, మీరే ఉద్వాసన చెప్పాల."

ఆడవాళ్ళందరూ అదే మాటన్నారు. శాస్త్రి గారు తెల్లబోయారు. ముప్ఫై ఏళ్ళుగా నోట పలకని మంత్రం. నమ్మకుండా చెబితే, అప్పుడే క్షమాపణ అడిగిన అబద్ధం మీద మరో అబద్ధం అవుతుంది. చెప్పనంటే గుడి ఇక్కడే లేస్తుంది. ఆయన వాళ్ళను ఒక్కరోజు గడువు అడిగారు.

ఆ సాయంత్రం పోస్టాఫీసులో ఆయన ఒక్కరే కూర్చుని ఉంటే వెళ్ళాను. నాకప్పటిదాకా ఉద్వాసన అంటే ఉద్యోగం ఊడబెరకడమే. పేపర్లో మంత్రులకు ఉద్వాసన అని వస్తుంది కదా, అదే తెలుసు. ఆ మాటే అన్నాను. అంత దిగులులోనూ ఆయన మొహం పళ్ళ కింద రాయి పడ్డట్టు అయింది. "గెంటేయడానికి ఆ మాట వాడుకుని పాడుచేశారమ్మాయ్. పూజకు పిలిచినవాళ్ళని పూజయ్యాక ఊరికే వదిలేసి లేచిపోకూడదు. బొమ్మనో కలశాన్నో కాస్త కదిపి, క్షేమంగా వెళ్ళి మళ్ళీ రమ్మని చెప్పాలి. అదీ ఉద్వాసన. మనం ఇంటికొచ్చినవాళ్ళని వెళ్ళిపోండి అంటామా? వెళ్ళి రండి అంటాం," అన్నారు. చెబుతూ చెబుతూ ఆగిపోయారు. తనలో తాను అన్నట్టుగా, "అసలు వాళ్ళకి ఎవరూ చెప్పలేదు కదా ఆ మాట," అన్నారు. వాళ్ళంటే ఎవరో నాకు చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు ఆయన్ను పంచెలో, ఉత్తరీయంతో, జంధ్యంతో మొదటిసారి చూశాను. ఈసారి దిబ్బ దాకా వెళ్ళాను. నన్ను చూసి వద్దనలేదు. రాయి ముందు కూర్చుని మంత్రం ఎత్తుకున్నారు. మొదట్లో గొంతు తడబడింది, తర్వాత సర్దుకుంది. రాయిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా కదిపారు. డప్పులతో, నీళ్ళ బిందెలతో ఆడవాళ్ళు అమ్మవారిని కాలవ గట్టుకు తీసుకెళ్ళారు. రాయిని మోసింది సత్తిబాబే, ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. జనం వెళ్ళిపోయాక శాస్త్రి గారు దిబ్బ తూర్పు వాలులో, మట్టి కప్పిన ఆ ఎముక దగ్గర దక్షిణంగా తిరిగి కూర్చుని, నా అన్నవాళ్ళు లేనివాళ్ళ కోసం నువ్వులూ నీళ్ళూ వదిలారు. ఎంతసేపు వదిలారో నాకు తెలియదు. నేను చర్చిలో నిలబడ్డట్టే తల మీద కొంగు వేసుకుని నిలబడ్డాను, అలా ఎందుకు వేసుకున్నానో ఆలోచించలేదు.

దారిలో ఉండబట్టలేక, "నమ్మకం కుదిరిందా సార్?" అని అడిగాను. ఆయన కొంతదూరం నడిచాక, "అది అడక్కమ్మాయ్. ఈసారి ఎవరికి చెబుతున్నానో తెలుసు. అంతే," అన్నారు.

ఆ తర్వాత ట్రాక్టరు దిబ్బ వైపు రాలేదు. పోలమ్మా మిగతా ఆడవాళ్ళూ రానివ్వలేదు. కాలవ గట్టు మీద వీర్రాజు గారే చిన్న గుడి కట్టించారు, ఇప్పటికీ బాగుంది. దిబ్బ చుట్టూ సర్కారువారి కంచె రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అయితే పాలెం కుర్రాళ్ళు కొందరికి మాత్రం శాస్త్రి గారి మీద కోపం చల్లారలేదు. ఆయన అధ్యక్షుడిగా ఉంటే సంఘాన్ని చేలల్లోంచి నడవనిచ్చేది లేదన్నారు. మావాళ్ళు తలలు వంచుకుని గార్డు గారిని అధ్యక్షుణ్ణి చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, రాజీనామా రాసి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని చదివి, ఒక అక్షరదోషం దిద్ది, తిరిగి నా చేతిలో పెట్టారు. "అధ్యక్షుడికి కదా ఉద్వాసన చెప్పారు, నా కత్తికి చెప్పలేదుగా. ఆదివారం త్వరగా రా. పడమటి పక్క కంప బాగా పెరిగింది," అన్నారు. ఆ ఆదివారం అందరికంటే ముందు ఆయనే ఉన్నారు. రిటైరై రామచంద్రపురంలో కూతురింటికి వెళ్ళేదాకా ఒక్క వారం మానలేదు. గార్డు గారు ఏ పని చెబితే ఆ పని చేసేవారు.

ఆయన పోయారని ఒక శనివారం ఆయన కూతురు ఫోన్ చేసింది. వెళ్ళి చూసి వచ్చాను. మర్నాడు చర్చిలో ఆరాధనకు ముందు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఈరోజు ప్రార్థనలో దండుదిబ్బ మీద పోయినవాళ్ళని తలుచుకుందామని అడిగాను. ఆయన మెత్తటి మనిషి. "పోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యం కదమ్మా," అన్నారు. నిజమే. "ప్రార్థన వద్దండి. ఊరికే ఒక్క నిమిషం లేచి నిలబడదాం," అన్నాను. ఆయన సరేనన్నారు. ఆ రోజు మా చర్చి సంఘమంతా లేచి నిలబడింది. ఎందుకో చాలామందికి సరిగ్గా తెలియదు. పక్కన అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను గట్టిగా ఏడ్చాను, సిగ్గుపడలేదు.

అప్పటి నుంచి ఏటా ఒక ఆదివారం అలా నిలబడుతున్నాం. పాస్టర్లు మారుతుంటారు, కొత్తగా వచ్చినవారికి నేను మళ్ళీ వెళ్ళి చెబుతాను. మొన్న బస్సు దిగి చర్చికి వెళ్ళింది కూడా అందుకే. ఈసారి వచ్చిన పాస్టరు గారు కుర్రవారు, అన్నీ పద్ధతిగా రాసుకుంటారు. పెన్ను తీసి, "పోయినవాళ్ళ పేర్లు చెప్పండమ్మా," అన్నారు.

"పేర్లు తెలియవండి."

"మరి ఎవరని రాయమంటారు?"

"మనవాళ్ళని రాయండి," అన్నాను.

"అంటే, మన సంఘంవాళ్ళా అండీ?"

"కాదండి," అన్నాను. "మనవాళ్ళు."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, అలాగే రాసుకున్నారు.